ఇసుక దాటే బండి

చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పసిపిల్లలకు టీకాలు వేసే నర్సమ్మ ప్రసన్నకుమారి. ఆమె తిరిగే దారిలో సగం తారురోడ్డు. తక్కినది స్వర్ణముఖి ఏటి ఇసుక దాటి, గుట్ట వారగా పోయే రాళ్ళబాట. ఏళ్ళ తరబడి సైకిల్ మీదే తిరిగింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక, ఎగువ దారుల్లో సైకిల్ తొక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పైవాళ్ళు ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నారు. ఆమెకు అది మింగుడుపడలేదు.

తిరుపతిలో అప్పుడప్పుడే కరెంటు బండ్లు అమ్మకానికి వస్తున్నాయి. భర్త యోగానంద ఆమెను షాపుకు తీసుకుపోయి ఎర్రటి స్కూటరు చూపించాడు. పెట్రోలు అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, నలుగురిలో దర్జాగా ఉంటుందని ఆయన ఆశ. పక్కనే, పెడళ్ళున్న కరెంటు సైకిలొకటి దుమ్ము పట్టి ఉంది. అదెవరూ అడగరని షాపు యజమాని జయరామ్ నవ్వాడు.

"రెండూ నడిపి చూస్తాను. రోడ్డు మీద కాదు, నా దారిలో" అంది ప్రసన్నకుమారి.

జయరామ్ కాసేపు నసిగాడు. చివరికి రెండింటినీ ట్రాలీ ఆటోలో వేయించి, తానూ వెంట వచ్చాడు.

తారురోడ్డు మీద స్కూటరు నీళ్ళ మీద పడవలా పోయింది. యోగానంద మురిసిపోయాడు. ఏటిలోకి దిగగానే చిన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ముగ్గురూ పట్టి లాగితేగాని బండి బయటికి రాలేదు.

"మీరు లేనిరోజు దీన్నెవురు లాగేది?" అని భర్తను అడిగింది.

సైకిలు కూడా ఇసుకలో ఆగింది. కానీ ఆమె దిగి, హ్యాండిల్ పట్టుకుని ఒంటరిగా తోసుకుపోగలిగింది. అవతల రాళ్ళబాట ఎక్కేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి మోటారు వేసింది. వెనక నుంచి ఎవరో నడుముపై చెయ్యి పెట్టి మెల్లగా నెట్టినట్టనిపించింది. మోకాలు నొప్పి పెట్టలేదు. గుట్ట మీద ఆగి వెనక్కి చూస్తే, కింద మగవాళ్ళిద్దరూ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నారు.

"చూసేదానికి బాగలేదు గదా, ప్రసన్నా" అన్నాడు యోగానంద, ఆమె దిగివచ్చాక.

"నేను చూసుకునేదానికి కాదు, పొయ్యేదానికి."

ఆయన ఇక అడ్డు చెప్పక ఆ సైకిలే కొన్నాడు. పైగా టీకాల పెట్టె కదలకుండా ఉండాలని వెనక క్యారియర్‌కు తనే ఇనుప చట్రం చేయించాడు.

మొదట్లో అంతా సాఫీగా జరగలేదు. రాత్రి కరెంటు పోతే బ్యాటరీ సగమే నిండేది. అందుకే చదునుగా ఉన్నచోట మెల్లగా తొక్కి, ఎగువకు మాత్రమే మోటారు వేయడం నేర్చుకుంది. కొత్త బాలింత చౌడేశ్వరమ్మ ఇల్లు గుట్ట పైనుంది. టీకా రోజున ప్రసన్నకుమారి అక్కడికి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. పెట్టెలో టీకాలను చల్లగా ఉంచే ఐసు కరగలేదు.

"ఇంక రావేమోనని అనుకున్న్యాం నర్సమ్మా" అంది చౌడేశ్వరమ్మ, బిడ్డను ఆమె ఒడిలో పెడుతూ.

సూది పడగానే బిడ్డ కెవ్వుమంది. ప్రసన్నకుమారి దాన్ని భుజాన వేసుకుని, ఏడుపు తగ్గేదాకా వాకిట్లో అటూ ఇటూ నడిచింది.