కాదంటే ఏమవుతుంది

నా చిన్నతనంలో, పదేళ్లప్పుడనుకుంటా, మా చిన్నత్త చిత్తూరు రిజిస్ట్రారాఫీసుకు పోతూ నన్ను తోడు తీసుకుపోయింది. మా నాయన కూడా వచ్చాడు. అత్త భర్త పోయి అప్పటికి ఆరు నెలలు. ఐరాల దగ్గర ఆమె వాటాకొచ్చిన బావి మడిని భర్త అన్న అయిన బావగారి పేర రాసివ్వాలి. అత్తకు రెండేళ్ల కూతురుంది. కర్మ అయిన రోజే ఆ పిల్లను బావగారు తన ఇంటికి తీసుకుపోయి, మళ్లీ తల్లికి చూపించలేదు.

ఆఫీసు వసారాలో పత్రాలు రాసే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. రాయబోతూ ఆగి, అత్తను అడిగాడు.

“నీ ఇష్టంతోనే రాసిస్తా ఉండావా, అమ్మా?”

“ఇష్టమే.”

ఆయనకు నమ్మకం కుదరలేదు. “రాసియ్యనంటే ఏమైతాది?”

అత్త “నా బిడ్డను నాకియ్యరు” అంది.

సాయిబు పెన్నుకు మూత పెట్టేశాడు. “ఇది ఇష్టం కాదప్పా. నేను రాయను” అన్నాడు, కాగితాలు తెచ్చి పక్కనే నిలబడ్డ బావగారితో. అంత పెద్దాయన కాదన్నాక ఇంకెవరూ రాయరని నేను సంబరపడ్డాను. బావగారు కోప్పడను కూడా లేదు. కాగితాలు తీసుకుని పక్క బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడి రాతగాడు ఏమీ అడగకుండా, ‘నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా’ అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. లోపల ఆఫీసరు అడిగినప్పుడు అత్త తడుముకోకుండా ఇష్టమేనంది. మా నాయన సాక్షి సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతుంటే సాయిబు నన్ను పిలిచాడు. “సదువుకుంటా ఉండావు గదా పాపా. ఎవురన్నా ‘సరే’ అంటే, ‘కాదంటే ఏమైతాది’ అని అడుగు.”

బస్సులో నాయన నా ముఖం చూడకుండా, “బావతో తగువు పెట్టుకుంటే మీ అత్త ఆ ఊర్లో ఎట్ల బతికేది?” అన్నాడు.

సాయంత్రం పాపను తెచ్చిచ్చారు. అది తల్లిని గుర్తుపట్టక పెద్దమ్మ కొంగు వదలకుండా ఏడ్చింది. తర్వాత చాలా ఏళ్లు అత్త ఆ మడిలోనే కూలికి చెరుకు కొట్టింది.

నాకిప్పుడు అరవై దాటాయి. ఫ్యాక్టరీ పనిలో చేరే ఆడపిల్లలు, పొలం రాసిచ్చే ముసలివాళ్లు కాగితాలు చదివి చెప్పమని నా దగ్గరికి తెస్తుంటారు. చదివాక సాయిబు అడగమన్నదే అడుగుతాను. వాళ్లు నిజమే చెబుతారు. విన్న తర్వాత ఏం చేయాలో మాత్రం ఆయన నాకు చెప్పలేదు. కాగితం మడిచి వాళ్ల చేతికిచ్చేస్తాను.