పెయింటర్ అన్న అడిగిన నాలుగు రోజులు

పోయిన దసరాకు నాలుగు రోజుల ముందు, ఆదివారం పొద్దున పదిన్నరకు, మా అమ్మాయి నన్ను మొయినాబాద్‌లో కార్లకు పూతలు వేసే షాపుకు తీసుకువెళ్లింది. కనకమామిడిలో పూలతోట చేసుకునే మనిషి, చాన్నాళ్లకు ఒక కారు కొనుక్కుంది, నాలుగేళ్లు వాడిన కారే అయినా చూడటానికి బాగానే ఉంది. దానికి సిరామిక్ కోటింగ్ అని ఏదో వేయిస్తే ఎండకు రంగు వెలిసిపోదు, మట్టి అంటుకోదు, మూడేళ్లు ఉండేది ఒక రకం, ఐదేళ్లు ఉండేది ఒక రకం అన్నారట; ఏది మంచిదో తేల్చడానికి నన్ను వెంటపెట్టుకుంది. చేవెళ్లలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పిన టీచర్ని కనుక, ఇంట్లో ఏది తేల్చాలన్నా నా ముందుకే వస్తుంది.

"మా అమ్మతోని జర పైలం అన్నా, చీపురు కొన్నా పుల్లలు లెక్కపెడ్తది," అని షాపతనికి ముందే చెప్పి నవ్వించింది.

నేను అడగవలసినవన్నీ అడిగాను. పూత ఎంత మందం, ఆరడానికి ఎన్ని గంటలు, ఎన్నాళ్లు నీళ్లు తగలకూడదు, ఐదేళ్లు అన్నది కాగితం మీద రాసిస్తారా. అతను ఓపికగా జవాబులు చెబుతూనే ఒక లైటు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. వెనుక తలుపు అడుగున వంగి చూసి, వేలితో ఒకచోట నొక్కాడు. రంగు కింద చిన్న తుప్పు పొక్కులు.

"లోపల జంగు పట్టింది మేడం. గీకాలె. ఇంకో నాలుగు రోజులు ఎక్కువైతది," అన్నాడు.

"దసరా గురువారమే కద అన్నా! పూజకు కారు లేకుంటె ఎట్ల? కింది దిక్కు ఎవరు చూస్తరు, పైనుంచి కొట్టెయ్యి," అంది మా అమ్మాయి.

అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటే కూర్చుండిపోయాను. ఆ మాటలు నేను ముందొకసారి విన్నాను. విన్నానంటే, సగం విన్నాను, సగం నేనే అన్నాను. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు.

నలభై మూడేళ్ల కిందటి సంగతి. మా ఆయన కిరాయికి తిప్పుదామని ఒక పాత కారు కొన్నారు. అప్పట్లో చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ఎవరింట్లో పెళ్లయినా, ఎవరినైనా దవాఖానకు తీసుకుపోవాలన్నా మనుషులు వచ్చి తలుపు తట్టి పిలిచేవారు. ఫోన్లు ఎక్కడివి, మీకూ గుర్తుండే ఉంటుంది. కారుకు అడుగున వేసే పూత గట్టిదై ఉండాలని, వానాకాలం బురదకు తట్టుకోవాలని మా ఆయన పట్టు. ఏ పూతో తేల్చే పని నాకు అప్పగించారు.

బస్టాండు వెనుక షెడ్డులో రంగులు వేసే ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నెమ్మదైన మనిషి. మేము పెయింటర్ అన్న అని పిలిచేవాళ్లం, ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. నేను మూడు రేకు ముక్కలు కత్తిరించి ఆయనకిచ్చి, ఒకదానికి మామూలు రంగు, ఒకదానికి అడుగున ఎర్ర ప్రైమరు కొట్టి పైన రంగు, ఒకదానికి తారు పూయించాను. మూడింటినీ డాబా పిట్టగోడకు వేలాడదీసి, ఆ వానాకాలం తొమ్మిది ఆదివారాలు, రోజూ ఉప్పునీళ్లు చల్లుతూ, ప్రతి ఆదివారం చూసి నోటుబుక్కులో తేదీ వేసి రాసుకున్నాను. ఐదో ఆదివారానికి మామూలు రంగు లేచింది. ఎనిమిదో ఆదివారానికి ప్రైమరు రేకు అంచుల్లో తుప్పు కనిపించింది. తారు రేకు మాత్రం తొమ్మిదో ఆదివారం కూడా మొదటి రోజులాగే ఉంది. ఆ నోటుబుక్కు మా ఆయన వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు. నేనూ తక్కువ మురవలేదు. నేను పరీక్ష పెట్టింది కొత్త రేకుకని, కారుకున్నది పాత రేకని నాకు తట్టలేదు.

దసరాకు బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మన దగ్గర ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఆ రోజుకు కారు సిద్ధం కావాలని నేను లెక్క వేసి పెట్టాను. పండుగ ఇంకా ఐదు రోజులుందనగా షెడ్డుకు వెళితే, పెయింటర్ అన్న కారు కింద నుంచి బయటికి వచ్చాడు. అరచేయి తెరిచి చూపించాడు. ఎర్రటి పొడి.

"వెనుక సీటుకాడ కాళ్లు పెట్టే రేకు జంగు తిన్నది టీచరమ్మా. మొత్తం గీకి, అతుకు పెట్టి, అప్పుడు తారు కొట్టాలె. ఇంకో నాలుగు రోజులు ఇయ్యి."

"దసరా పోతదన్నా. పైనుంచి జర మందంగ కొట్టు, ఏంగాదు," అన్నాను.

ఆయన తారు డబ్బా అందుకున్నాడు. చదువుకున్న టీచరమ్మ, తొమ్మిది ఆదివారాలు చూసి తేల్చిన మనిషి, తనకంటే ఎక్కువ తెలిసే ఉంటుందనుకున్నాడేమో. దసరా పొద్దున కారు అద్దంలా మా వాకిట్లో నిలబడింది. పూజ బ్రహ్మాండంగా జరిగింది.

భయం మరుసటి శ్రావణంలో మొదలైంది. ఒకరోజు వెనుక సీట్లో కూర్చుని దిగాక, నా చీర అంచుకు ఇటుక రంగు మరక కనిపించింది. చూస్తే కాళ్ల కింద పరచిన నారచాప తడిగా ఉంది. నోటుబుక్కు తీసి తేదీ వేసి "చాప తడి" అని రాశాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఎందుకు తడి అని అడుగుతారు, షెడ్డుకు వెళ్తారు, పెయింటర్ అన్న ఆ నాలుగు రోజుల సంగతి చెబుతాడు. రేపు చెబుదాం, వాన తగ్గాక చెబుదాం అనుకుంటూ పన్నెండు రోజులు గడిపాను. ఆ పన్నెండు రోజులూ కారు గేటు దాటిన ప్రతిసారీ, అది తిరిగి వచ్చే దాకా నాకు అన్నం సయించేది కాదు.

పదమూడో రోజు శనివారం. మా అత్తమ్మ చిల్కూరు గుడికి పోదామంది. మా ఆయన నడుపుతున్నారు, వెనుక అత్తమ్మ, నేను, మధ్యలో ముందు సీటు పట్టుకుని నిలబడి మా అమ్మాయి. చాప మీద నిలబడవద్దని పిల్లను రెండుసార్లు ఒళ్లోకి లాగాను, జారిపోయి మళ్లీ నిలబడింది. మొయినాబాద్ ఇంకా రాలేదు. పిల్ల గుడి గంట కొడతానని చెబుతూ ఎగిరింది.

అప్పడం విరిగిన చప్పుడు. అంతే. పిల్ల ఎడమ కాలు తొడ దాకా లోపలికి దిగిపోయింది. ఆ సందులోంచి గాలి, కంకర దుమ్ము నా ముఖానికి కొట్టాయి. కింద నల్లగా రోడ్డు పరుగెత్తుతూ కనిపించింది. రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. ఆపమని అనలేకపోయాను. అత్తమ్మే మా ఆయన వీపు మీద దబదబా కొట్టింది. "ఆపు కొడుకా, ఆపు! పిల్ల పోతున్నది!"

మొయినాబాద్ దవాఖానలో పిక్కకు ఏడు కుట్లు వేశారు. ఎముకకు ఏమీ కాలేదు. పిల్ల చెప్పు ఒకటి దొరకలేదు.

సాయంత్రం మా ఆయన కారు కింద దూరి చూసి నన్ను పిలిచారు. కాలు దిగిన చోట తప్ప తారు ఎక్కడా చెక్కుచెదరలేదు, నల్ల గుడ్డ పరిచినట్టు నున్నగా ఉంది. వేలితో పొడిస్తే లోపలికి పోతోంది. నేను ఎంచిన పూత నిలిచింది. దాని వెనుక రేకే లేదు.

మరునాడు ఆయన పెయింటర్ అన్నను మా వాకిట్లోకి పిలిపించి, నలుగురిలో నిలబెట్టి అడిగారు. "నా బిడ్డ కాలు పోతుండె కదనే! జంగు కనపడలేదా నీకు?" నేను గడపలో నిలబడి ఉన్నాను. పెయింటర్ అన్న ఒక్కసారి నా వైపు చూశాడు. జీవితంలో అంత భయం నాకు ఆ కారులో కూడా కలగలేదు.

"తప్పయింది అన్నా," అని తల దించుకున్నాడు.

ఆ తరువాత ఆయనకు బండ్ల పని ఎవరూ ఇవ్వలేదు. ఏడాది తిరగకుండా షెడ్డుకు తాళం పడింది. ఎక్కడో గోడలకు సున్నాలు వేస్తున్నాడని విన్నాను. వెతికి వెళ్లి రెండు మాటలు చెప్పవచ్చు. వెళ్లలేదు. మా ఆయన పోయి ఆరేళ్లు, ఆయనకూ చెప్పలేదు.

ఇదంతా షాపులో ఆ కుర్చీలో కూర్చుని మా అమ్మాయికి చెప్పాను, వరుస తప్పకుండా, షాపతను వింటుండగానే. ఆమె వంగి చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, పిక్క మీది మచ్చను కొత్తగా చూసుకున్నట్టు చూసుకుంది. ఇక నాతో మాట్లాడదేమో అనుకున్నాను.

"గందుకేనా అమ్మా, నేను కార్ల కూసొని కాళ్లు కింద పెట్టినా నీ పానం కొట్టుకుంటది?" అంది చివరికి. తరువాత అతని వైపు తిరిగింది. "నాలుగు కాదన్నా, ఆరు రోజులు తీస్కో. నున్నగ గీకు."

దసరా నాడు బంతిపూల దండ షాపుకే పట్టుకుపోయి, తలుపు అడుగున గీకిన రేకు బయటికి కనిపిస్తుండగానే కారుకు వేశాం. ఈ కొత్త పూత నీళ్లలా ఉంటుందట, కింద ఏముందో దాన్ని దాచదట; గీత ఉంటే గీతే, మచ్చ ఉంటే మచ్చే ఐదేళ్లూ కనిపిస్తుందట. మన కాలంలో పూతంటే కప్పేసేదే. రంగులకే కాదు, మనుషులకూ అదే అలవాటు చేశాం.

ఇంటికి వచ్చి ఆ పాత నోటుబుక్కు తీశాను. తొమ్మిది ఆదివారాల కింద, దసరాకు ఐదు రోజుల ముందు తేదీ నా దస్తూరీలోనే ఉంది, పక్కన ఏమీ రాయలేదు. ఇప్పుడు అక్షరాలు అప్పటిలా గుండ్రంగా రావడం లేదు. అయినా రాశాను: "నాలుగు రోజులు అడిగాడు. నేను ఇవ్వలేదు."