అరవని మనిషి ముందు

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేరిన కొత్తలో జరిగిందిది. ఆ మధ్యాహ్నం డ్యూటీలో నర్సుని నేనొక్కదాన్నే. ఒక పక్క ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఇంకో పక్క వేలు తెగిన ఓ లీడర్ బామ్మర్ది గోడలు దద్దరిల్లేలా అరుస్తున్నాడు. గోండ్‌పిప్రి నుంచి బస్సులో వచ్చిన ఓ పెద్దమ్మ మాత్రం మూలన బెంచీ మీద ఒదిగి కూర్చుంది. పొద్దున పత్తి ఏరుతుంటే కాలికి ఏదో కుట్టిందట.

"నాకేం తొందర లేదు బిడ్డా, ముందుగాల ఆయన్ని సూడు" అంది తెలుగులో. మాట ముద్దముద్దగా వచ్చింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. పాము కాటని అర్థమైంది.

ఆమెను మంచమెక్కించి, డాక్టర్‌ను కేకేసి, విరుగుడు ఇంజెక్షన్ తీస్తుంటే లీడర్ బామ్మర్ది అడ్డమొచ్చి తన ఫోన్ నా చెవికి పెట్టాడు. అవతల మా ఆస్పత్రి పెద్దసారు. "ముందు ఆయన్ని చూడు" అన్నాడు.

"ఆయన అరుస్తుండు సార్, అంటే ఊపిరి మంచిగనే ఆడుతుంది. ఈమెది ఆగేటట్టుంది" అని ఫోన్ పక్కకు నెట్టేశాను.

పెద్దమ్మ బతికింది. మర్నాడు పెద్దసారు నన్ను పిలిచి, ఆ బామ్మర్దికి సారీ చెప్పమన్నాడు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను. పదిమంది ఒక్కసారే మీద పడితే, అరిచేవాళ్ళను అరవనిచ్చి, గొంతు లేవని మనిషి దగ్గరికే ముందు పోతాను.