దుఃఖం కింద ఒక ప్రశ్న

మా సారు పోయారని పోయిన నెల ఒక పొద్దున ఇబ్రహీంపట్నం ఆటో స్టాండు పక్కన ఛాయ్ హోటల్ నడిపే అన్న ఫోన్ చేసి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. చేసిన తప్పు ఒప్పుకుందామంటే ఇక ఆయన లేరు.

సారు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతుంటే, ఆ వెంచర్ల పాంప్లెట్ల వెనకవైపు ఆయన తత్వశాస్త్రం మీద తెలుగులో ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం రాస్తూ కూర్చున్నారు. శేరిగూడలో ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేసే నేను వాటిని టైపు చేసి సైట్లో పెట్టేదాన్ని. అక్షర క్రమంలో పెడదామంటే కసిరారు. "మనిషి అ ఆలతోని ఎతుకుతడా? బాధతోని ఎతుకుతడు," అన్నారు. అందుకే 'భయం' తెరిస్తే పక్కన 'మరణం', 'ధైర్యం', 'అలవాటు' కనిపిస్తాయి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరుగుతూ బస్సులో నేను దిగాల్సిన స్టాపు ఎన్నిసార్లు దాటిపోయానో!

ఆయనకో నియమం ఉండేది. ప్రతి వ్యాసాన్నీ ముందు హోటల్ అన్నకు చదివి వినిపించాలి. అన్న ఏదో ఒకటి అడగాలి. ఆ ప్రశ్న, అన్న పేరు, సారు జవాబు వ్యాసం కింద చేరితేనే అది సైట్లోకి వెళ్లేది. అన్న గ్లాసులు కడుగుతూనే సారుతో మూడు చెరువుల నీళ్లు తాగించేవాడు.

చివరి వ్యాసం 'దుఃఖం'. అది నా చేతికిచ్చిన వారానికే సారు దవాఖానలో చేరారు. కాలేజీలో పరీక్షల హడావిడి, నేను హోటల్ దాకా పోనేలేదు. సారును చూడ్డానికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాటే అది.

"అన్నకు సదివినవా?"

"సదివిన సారూ."

"ఏమడిగిండు?"

నోటికొచ్చింది చెప్పేశాను. "ఏడిస్తే దుఃఖం తగ్గుతదా అని."

సారు ఎంత సంతోషించారో! ఆక్సిజన్ మాస్కు పక్కకు జరుపుకుని, ఆయాసపడుతూ, ఆగి ఆగి జవాబు చెప్పారు. "తగ్గదు. నువ్వు ఒక్కనివే మోస్తున్నవని పక్కోనికి తెలుస్తది. రాసుకో." నర్సు కోప్పడింది. నేను రాసుకుని, ఆ రాత్రే అన్న పేరుతో వ్యాసం సైట్లో పెట్టేశాను. మిగిలిన కాస్త ఊపిరినీ నా అబద్ధానికి ఖర్చు పెట్టించాను. సిగ్గుగా ఉంది.

దినాలయ్యాక హోటల్‌కు వెళ్లి అన్నకు అంతా చెప్పాను.

"నేనెప్పుడు అడిగిన గది?" అన్నాడు. తిట్టలేదు. స్టౌ బందు చేసి ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు సదువు."

చదివాను. అన్న ఆ పాంప్లెట్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత అడిగాడు.

"మరి సారు తన దుఃఖం ఎవరికి చెప్పుకున్నడు?"

ఆ రోజే సైట్లో నా దొంగ ప్రశ్న పక్కన అన్న పేరు తీసేసి నా పేరు పెట్టాను. దాని కింద అన్న అడిగింది రాశాను. ఇన్నేళ్లలో జవాబు లేకుండా అందులోకి వెళ్లిన ప్రశ్న అదొక్కటే.