పెద్దమ్మకు దవాఖానలో తెలిసినవాడు

మెడలో కంపెనీ కార్డు వేలాడుతుంటే చాలు, ఆ మనిషికి పిల్లనిచ్చేయవచ్చని జనం అనుకునే రోజులవి. అమీర్‌పేటలో ఏ మేడ చూసినా మెట్ల దగ్గర నుంచి డాబా దాకా కంప్యూటరు కోర్సుల బోర్డులే. నేనూ అందరిలాగే భీమవరంలో బస్సెక్కి సాఫ్ట్‌వేరు నేర్చుకుందామనే వచ్చాను. ఎంత తంటాలు పడ్డా జావా నాకు అబ్బలేదు (మా ఇన్‌స్టిట్యూట్ సారు మాత్రం నేనే దానికి అబ్బలేదనేవారు). చివరికి డిగ్రీలో చదివిన జువాలజీ పుణ్యమా అని పంజాగుట్టలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో కుదిరాను. అమెరికాలో డాక్టర్లు తమ రోగుల సంగతులు రికార్డు చేసి పంపుతారు. మేమిక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి పంపాలి. అంతే మా ఉద్యోగం.

కానీ "అంతే" అని చెప్పుకుంటే ఏం గొప్ప? యూసుఫ్‌గూడలో నేనుండే కాంపౌండులో వెనక వాటా, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడది. గేటు పక్కనే బండి పెట్టుకుని పొద్దున్నే ఇడ్లీ అమ్మేది. ఆమె భర్త, మా అందరికీ పెదనాన్న, సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు, మాట్లాడటం ఆయనకు అంతగా అలవాటు లేదు. ఒకరోజు ఇడ్లీ తింటూ, నేను రోజంతా అమెరికా డాక్టర్లతో పనిచేస్తానని ఆమెతో అన్నాను. అబద్ధం కాదు, కొంచెం తగ్గించి చెప్పాల్సిన నిజం. ఆ వారం తిరక్కుండానే సందు మొత్తానికి నేను అమెరికా డాక్టర్ల మనిషినైపోయాను. బండి దగ్గర నిలబడితే ఒకాయన నాలుక చాపి చూపించేవాడు, ఇంకొకామె మోకాలు నొక్కి చూడమనేది. నేను గంభీరంగా తల పంకించి, నీళ్ళు ఎక్కువగా తాగమని చెప్పేవాణ్ణి. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదనే ఇప్పటికీ నా నమ్మకం.

అలాంటి రోజుల్లో పెద్దమ్మకు ఆయాసం మొదలైంది. పిండి గిన్నె ఎత్తితే ఊపిరి అందేది కాదు, మాట మధ్యలో ఆగిపోయి బండి పట్టుకుని నిలబడిపోయేది. గుండెలో కవాటం ఒకటి పాడైందనీ, త్వరగా మార్చకపోతే కష్టమనీ డాక్టరు చెప్పాడు. అంతకు ముందైతే ఆ మాట విని, దండం పెట్టుకుని ఇంటికి రావడమే వాళ్ళ బోటివాళ్ళు చేయగలిగింది. అయితే తెల్లకార్డు ఉన్నవాళ్ళకు పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లోనే సర్కారు ఖర్చుతో ఆపరేషన్లు చేయించే పథకం అప్పుడే కొత్తగా వచ్చింది. మా ఆఫీసు క్యాంటీన్లో దాని మీద రోజూ వాదనలే. ప్రైవేటువాళ్ళకు పోసే ఆ డబ్బేదో సర్కారు దవాఖానలు బాగుచేయడానికి పెట్టవచ్చు కదా అని సగం మంది, బాగుపడేదాకా గుండె ఆగుతుందా అని మిగతా సగం. నేను ఏ పక్షమూ కాదు గానీ, ఖర్చు భరించలేక రోగి వైద్యం వద్దనుకున్నాడని అమెరికా డాక్టరు ఒకాయన చెప్పగా నేనే టైపు చేశాను. ఆ దేశంలోనూ ఈ గోల ఉందా అని ఆ రోజు మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు.

కార్డు ఉంది, ఆస్పత్రి పంజాగుట్టలోనే ఉంది, పైసా అక్కర్లేదు. పెద్దమ్మ మాత్రం రానంది. కత్తికి భయపడి కాదు. ఆ ఆస్పత్రిలో తెలిసినవాళ్ళు ఎవరూ లేరని.

"తెలిసినోళ్ళు లేకుంట దవాఖానకు పోతె మన మొకం ఎవడు చూస్తడు బిడ్డ? మా మరిది గట్లనే వరండల పండుకోని పండుకోని పాణం ఇడిసిండు. నువ్వు డాక్టర్లతోని పనిచేస్తవ్ గద. నువ్వు ముందట నడుస్తనంటె వస్త. లేకుంటె గీ బండి కాడనే పోత."

ఇప్పుడెలాగూ రికమెండేషన్లు అక్కర్లేదండీ అని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె వినలేదు. పక్కన పెదనాన్న నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు చూశాక, ఆ ఆస్పత్రిలో నాకు చాలామంది తెలుసని చెప్పేశాను. అప్పటికి ఆ ఆస్పత్రిలో నాకు తెలిసినదల్లా దాని ముందున్న బస్‌స్టాపు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, వాళ్ళకు ముందు నడిచాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పెద్దమ్మను చూసి దారి వదిలాడు, పెదనాన్నకూ వదిలాడు. నన్ను ఆపాడు, ఎవరు కావాలని నిలదీసి, రోగితో వచ్చానన్నాకే వదిలాడు. లోపల తెలిసినవాళ్ళతో మాట్లాడి వస్తానని వాళ్ళను పథకం కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి ఆస్పత్రి క్యాంటీనుకు పోయి టీ తాగాను. కాసేపటికి వచ్చి, "మాట్లాడానండి, అంతా చూసుకుంటామన్నారు" అన్నాను. అప్పటికే కౌంటరులోని అమ్మాయి కార్డు చూసి, ఫోటో తీసి, రక్తపరీక్షకు పంపేసింది. ఏ పనైనా అంతే. నేను టీ తాగి వచ్చేసరికి అయిపోయేది, ఘనత నాకొచ్చేది. పథకం కింద వచ్చినవాళ్ళ వార్డు వెనకవైపు ఉండేది, అక్కడి లిఫ్టు దానికి బుద్ధి పుట్టినప్పుడే కదిలేది. కానీ దుప్పట్లు శుభ్రంగా ఉండేవి, నర్సులు వేళకు వచ్చేవాళ్ళు. అదంతా నా మాట చలవేనని పక్క మంచాలవాళ్ళకు పెద్దమ్మ చెప్పేది.

పేరు నిలబెట్టుకోవాలి కదా. తెల్లకోటు కనబడితే చాలు, వంగి నమస్కారం పెట్టేవాణ్ణి. అందులో సగంమంది డాక్టర్లు కారని తర్వాత తెలిసింది. ఒకసారి నిజంగానే ఒక పెద్ద డాక్టరు ఆగి, నా భుజం తట్టి, "నాన్నగారు ఎలా ఉన్నారయ్యా?" అని అడిగి వెళ్ళిపోయారు. నన్ను ఎవరనుకున్నారో ఈనాటికీ తెలియదు. మా నాన్న భీమవరంలో కులాసాగానే ఉన్నారు కాబట్టి, బాగున్నారండి అన్నాను. వార్డంతా నన్ను చూసింది. పెదనాన్న లేచి నాకు కుర్చీ ఇచ్చాడు, నాకు సిగ్గుతో కూర్చోబుద్ధి కాలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున స్ట్రెచర్ మీద తీసుకువెళ్తుంటే పెద్దమ్మ నా చెయ్యి వదలలేదు. చెయ్యి చల్లగా ఉంది. "డాక్టరుకు ఒక్క మాట చెప్పు బిడ్డ, గీమె మా మనిషని" అంది. థియేటరు తలుపు దగ్గర సర్జన్ ఎదురయ్యారు. ఏం చెప్పాలో తోచక, రోజూ టైపు చేసే వరసలో రోగి వయసూ, ఆడమనిషి అన్న సంగతీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆయన వింతగా చూశారు. "సార్, ఈమె మా పెద్దమ్మ" అన్నాను చివరికి. జీవితంలో నేనిచ్చిన రికమెండేషన్ అదొక్కటే. "అలాగేనయ్యా, ముందు తలుపుకు అడ్డం తప్పుకో" అన్నారాయన. పెద్దమ్మ నా చెయ్యి వదిలి కళ్ళు మూసుకుంది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకునేదాకా నేనూ పెదనాన్నా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆమె పోతే అబద్ధమాడి తీసుకొచ్చింది నేనే కదా అన్న భయం నన్ను తినేసింది. బాగానే జరిగిందని నర్సు వచ్చి చెప్పినప్పుడు, అంతవరకూ ఒక్క మాట మాట్లాడని పెదనాన్న నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

తర్వాత ఆ కంపెనీ పోయింది, నేను వేరే ఉద్యోగంలో పడ్డాను, పెళ్ళయింది, యూసుఫ్‌గూడ వదిలాను. కానీ పెద్దమ్మను వదల్లేదు, ఆమె వదలనివ్వలేదు. ఆ మధ్య నా పిత్తాశయంలో రాళ్ళు పడి ఆపరేషన్ అయింది. కంపెనీ ఇన్సూరెన్సు, ఏసీ గది, అన్నీ ఫోనులో మెసేజిల మీదే నడిచిపోయాయి. ఏ లోటూ జరగలేదు, ఎవరినీ బతిమాలలేదు. అయినా ఆ గదిలో పడుకుంటే ఎందుకో దిగులుగా ఉండేది.

మర్నాడు పెద్దమ్మ ఆటో దిగి వచ్చింది. జుట్టంతా తెల్లబడింది, చేతిలో ఇడ్లీ టిఫిన్ డబ్బా. గది తలుపు తెరిచే ఉంది. కారిడార్‌లో వెళ్తున్న ప్రతి తెల్లకోటుకూ చేతులెత్తి దండం పెడుతూ వస్తోంది. నర్సును ఆపి, లోపలున్నది మా పిల్లగాడు, జర మంచిగ చూడుండ్రి అని గట్టిగా చెప్పింది. నా మంచం పక్కన కూర్చున్నాక అడిగాను, "ఇక్కడ మీకు తెలిసినవాళ్ళు ఎవరున్నారండీ, పెద్దమ్మా?"

ఆమె డబ్బా మూత తీస్తూ తాపీగా అంది, "ఎవ్వలు లేరు. గప్పుడు నీకు ఎవ్వలు ఉండిరి బిడ్డ?"

నేను దిండు మీంచి లేవబోయాను. "గేటు కాడ నిన్నే ఆపిరి గద," అందామె. "అయినా రోజు వస్తివి. నాకు గదే చాలైంది."

మెడలో కార్డు వేలాడేసుకుని, క్యాంటీన్లో బిక్కుబిక్కుమంటూ టీ తాగుతున్న ఆ కుర్రాణ్ణి ఆమె అన్నాళ్ళూ ఎరుగునన్నమాట. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు అప్పటికే హెచ్చరించి వెళ్ళింది. నిజమే, లాగాయి.