సమ్మెట తరఫు వాదన

ప్రపంచంలోకెల్లా గొప్ప బాక్సరు ఎవరన్న ప్రశ్న నేను పుట్టించింది కాదు. ఇద్దరు మగవాళ్ళు చెడ్డీలు వేసుకుని పదిమందిలో ఒకరి మొహం ఒకరు పగలగొట్టుకుంటుంటే అందులో గొప్పేమిటో, తక్కువేమిటో నా బుర్రకు ఎప్పుడూ ఎక్కలేదు. కానీ నా కాపురమంతా ఆ ప్రశ్నతోనే గడిచింది. ఇస్త్రీ బల్లకు అటు పక్క మా ఆయన, ఇటు పక్క నా తమ్ముడు. వాళ్ళిద్దరి నోళ్ళకూ తాళం వేసే దిక్కు లేక వెనక గదిలో నేను.

మాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే కొట్టు. ముందు గదిలో బల్ల, ఆవిరి ఇస్త్రీ పెట్టె, గోడ పొడవునా ఇనప కడ్డీకి వేలాడే జనాల చొక్కాలూ కోట్లూ. వెనక గదిలో ఉతికే మిషన్లు, మా మంచం, మా వంట. మిషన్లు తిరుగుతుంటే మంచం కూడా వణికేది. కొట్టు పెట్టకముందు మా ఆయన బాక్సింగ్ క్లబ్బులో పనిచేశాడు. అలాగని బాక్సరనుకునేరు. ఆయన పని కొట్టడం కాదు, కొట్టించుకోవడం. పోటీ దగ్గరపడ్డ బాక్సర్లకు చెయ్యి సాధన కావాలంటే ఎదురుగా ఒక మనిషి నిలబడాలి కదా, ఆ మనిషి ఈయన. దాన్ని స్పారింగ్ అంటారట. పేరు ఎంత సొగసుగా పెట్టారో చూడండి! వాళ్ళు గుద్దుతారు, ఈయన నిలబడతాడు. వాళ్ళు వెళ్ళి ఛాంపియన్ బెల్టు గెలుస్తారు, పేపర్లో ఫోటో పడుతుంది. ఈయన ఇంటికొచ్చి మూతికి ఐసు పెట్టుకుంటాడు.

క్లబ్బులో ఆయన్ని 'గోడ' అని పిలిచేవాళ్ళు. మా పెళ్ళికి వచ్చినవాళ్ళలో ఎవరో ఆ పేరుతో కేకేస్తే ఈయన మొహం చేటంత అయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను కట్టుకుంది మనిషినా, గోడనా?" అని అడిగాను.

"గోడకి పెళ్ళెవరు చేస్తారే పిచ్చిదానా," అని నవ్వాడు. కోపం ఎరగని మనిషి. ఎవరు ఎంత గట్టిగా కొట్టినా వాళ్ళ మీద ఒక్క మాట అనేవాడు కాదు. "వాడి పని వాడు చేశాడు, నా పని నేను చేశాను" అనేవాడు. ఒకనాడు చెవిలోంచి నెత్తురు కారుతూ ఇంటికొచ్చాడు. ఆ పూటతో క్లబ్బు మానిపించాను. మానిపించడంలో ఆలస్యం జరిగిపోయిందని అప్పటికి నాకు తెలియదు.

ఇక నా తమ్ముడు. సిటీ బస్సు డ్రైవరు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోరా అంటే, "నీ కాపురం చూశాక ఏ బుద్ధిమంతుడు చేసుకుంటాడక్కా" అనేవాడు. డ్యూటీ దిగాక మా కొట్టు ఎదుట బస్సు దిగి, వస్తూనే బట్టల మూట మీద కూలబడి, "ఏం బావా, సమ్మెట ముందు నీ తూనీగ ఎంత?" అనేవాడు. అంతే, మొదలు.

సమ్మెట, తూనీగ అన్నవి ఇద్దరు ప్రపంచ ఛాంపియన్లకు మా కొట్టులో పెట్టుకున్న పేర్లు. సమ్మెట ఒక్క గుద్దుతో ఎదుటివాణ్ణి నేల కరిపించేవాడు. తనూ అప్పుడప్పుడు నేల కరిచాడు. తూనీగ మీద గుద్దు పడేదే కాదు. ఇక్కడున్నాడనుకుని కొడితే అక్కడుండేవాడు. ఓటమన్నది లేకుండానే ఆట నుంచి దిగిపోయాడు. ఒకడు దిగిపోయాక ఇంకొకడు వచ్చాడు గనక వాళ్ళిద్దరూ ఎన్నడూ తలపడలేదు. ఆ లోటు మా కొట్టులో తీరింది.

"దెబ్బ తగలకుండా ఇంటికెళ్ళినవాడే మొనగాడురా బామ్మర్దీ. కొట్టడానికేముంది, గాడిద కూడా తన్నుతుంది," అనేవాడు మా ఆయన.

"తగలకుండా ఎగిరేవాడు డాన్సు మాస్టరవుతాడు బావా, బాక్సరెలా అవుతాడు? మావాడు పడ్డాడు, లేచాడు. తనను పడేసినవాణ్ణే మళ్ళీ పిలిచి మరీ పడేశాడు. పడి లేవడం తెలియనోడికి బెల్టెందుకు, ప్యాంటు జారకుండానా?"

"పడితే ఎలా ఉంటుందో నీకేం తెలుసురా, సీట్లో కూర్చుని హారన్ కొట్టుకునేవాడివి!"

ఇలా సాగేది. బట్టల కోసం వచ్చినవాళ్ళు కూడా నిలబడి చెరో పక్షం చేరేవాళ్ళు. వాదన ముదిరితే మా ఆయన చేతిలో పెట్టె ఆగిపోయేది. నేను వెనక నుంచి ఇద్దరినీ కలిపి దులిపేసేదాన్ని. నా మాట ఎవరికి లెక్క? తెలవారితే ఇద్దరికీ కొత్త పాయింట్లు తోచేవి. అన్ని దెబ్బలు తిన్న మనిషి, దెబ్బ తగలనివాణ్ణి అంతగా ఎందుకు నెత్తిన పెట్టుకున్నాడో నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. తట్టిన రోజు మాత్రం ఆ పూటకు తిట్లు మానేసి, ఆయనకు ఇష్టమైన కూర వండాను.

ఆ తర్వాత ఆయన ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. ఒకరి కోటు ఇంకొకరికి ఇచ్చేవాడు. మా తలుపు గొళ్ళెం ఎటు తీయాలో మరిచిపోయి దాని ముందే నిలబడేవాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, "ఈయన తలకు ఎప్పుడైనా దెబ్బలు తగిలాయా?" అని అడిగాడు.

"తగలని రోజేదో అడగండి, అది చెప్పడం తేలిక," అన్నాను.

అవన్నీ లోపల అలాగే ఉండిపోయాయట. ఇక పోయేదే గానీ తిరిగొచ్చేది లేదట. కోపం ఎవరి మీద చూపించను? కొట్టినవాళ్ళంతా ఫోటోల్లో నవ్వుతున్నారు.

అన్నీ పోతున్నా ఆ వాదన మాత్రం చెక్కు చెదరలేదు. వీధి పేరు గుర్తులేని మనిషి, తూనీగ ఏ రౌండులో ఎటు తప్పుకున్నాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. అందుకని నా తమ్ముడు సెలవు రోజుల్లో కూడా రావడం మొదలుపెట్టాడు. "ఈ గొడవ నడిచినంత కాలం బావ మనతోనే ఉంటాడక్కా. నువ్వు భయపడకు," అన్నాడు. ఆ మాటే పట్టుకుని బతికాను.

అంతలో వాడు పోయాడు. బస్సు నడుపుతుండగా గుండె పట్టేసింది. పక్కకు తీసి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, అప్పుడు స్టీరింగు మీద వాలిపోయాడట. బస్సులో ఒక్కరికి గీత కూడా పడలేదు. నా తమ్ముడు అలాంటివాడు. మా ఆయన నాతోపాటు వచ్చాడు, వాణ్ణి చూశాడు, నా భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, "వీడింకా రాలేదేమే?" అన్నాడు.

నిజమే చెప్పాను. ఏం చెప్పగలను ఇంకా? ఆయన అప్పుడే విన్నట్టు కుప్పకూలాడు. "ఎప్పుడు? నాకెందుకు చెప్పలేదే?" అని తల బల్లకేసి కొట్టుకున్నాడు. ఆ మర్నాడూ అదే ప్రశ్న, అదే ఏడుపు. ఆ పైరోజూ అంతే. నా తమ్ముణ్ణి నేను రోజూ చంపుతున్నాను, ఈ మనిషిని రోజూ ఏడిపిస్తున్నాను. నా ఏడుపు నేను ఏడవడానికి మాత్రం సందు దొరకలేదు.

చివరికి "డ్యూటీలో ఉన్నాడయ్యా, వస్తాడు" అని అబద్ధమాడాను. అది ఇంకా ముంచింది. నేను మిషన్ల దగ్గరుండగా ఆయన వెళ్ళి, వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూసి, ఏదో బస్సెక్కేశాడు. ఊరి ఆ చివర నుంచి ఒక కండక్టరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి నా పంచప్రాణాలూ పోయినంత పనయింది. ఆ రాత్రి నుంచి తలుపుకు తాళం. తాళం వేస్తే ఆయన పిడికిళ్ళతో తలుపు బాదేవాడు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి తలుపును కొడుతుంటే నేను నిలబడి చూడాలి.

అలా బాదుతున్న ఒక సాయంత్రం, నాకేం తోచిందో ఏమో, పోయి మూట మీద కూలబడ్డాను.

"ఏం చూసుకుని నీ తూనీగకి అంత పొగరయ్యా? సమ్మెట గుద్దు ఒక్కటి పడుంటే తెలిసొచ్చేది!" అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగాడు. "ఏమన్నావే?"

"విన్నది చాల్లేదా? వాడు బాక్సరు కాదు, డాన్సు మాస్టరు."

ఆయన కళ్ళలోకి వెలుగొచ్చింది. ఒంటికాలి మీద లేచాడు. నేనూ తగ్గలేదు. నాకు ఒక్క ముక్క తెలియదనుకున్నానా, తీరా నోరు విప్పితే తమ్ముడి మాటలన్నీ నా నాలుక మీదే ఉన్నాయి. "నీకివన్నీ ఎలా తెలుసే?" అని ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "ఇన్నేళ్ళూ నా చెవుల్లో పోసింది మీరిద్దరే కదా, ఎక్కడికి పోతాయి!" అన్నాను. పడీ పడీ నవ్వాడు.

ఆ సాయంత్రాలు బాగుండేవి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బాగుండేవి. పెళ్ళయ్యాక మా ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అప్పుడే. తమ్ముడు పోయి ఇంకా కన్నీళ్ళు ఆరలేదు, నేను ఇక్కడ మొగుడితో కబుర్లాడి నవ్వుతున్నానేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. అయినా పొద్దు వాలగానే మూట మీదకు చేరేదాన్ని.

ఒకరోజు వాదన మధ్యలో ఆయన నన్ను "ఒరేయ్" అన్నాడు.

"ఒరేయ్ ఏంటయ్యా, నేను నీ పెళ్ళాన్ని," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. నన్నూ, మూటనూ మార్చి మార్చి చూశాడు. సంతలో తప్పిపోయిన పిల్లాడిలా బెదిరిపోయాడు. "మరి వాడేడి?" అంటూ మళ్ళీ తలుపు వైపు నడిచాడు.

ఆ తర్వాత నేను దిద్దడం మానేశాను. నాదీ నా తమ్ముడిదీ మా అమ్మ ముక్కే, మా అమ్మ గొంతే. మొదటిసారి "బావా" అన్నప్పుడు నాలుక తడబడింది, తర్వాత అలవాటైపోయింది. పొద్దున స్నానం చేయించి, తినిపించి, తిట్టేటప్పుడు పెళ్ళాన్ని. సాయంత్రం బామ్మర్దిని. ఇదేదో సర్దుబాటులే, ఇద్దరమూ ఆయనకు మిగులుతాం అనుకున్నాను. పొద్దుటి పూట "ఏమే" అన్న పిలుపు తగ్గిపోతూ రావడం గమనించాను. గమనించనట్టే ఉన్నాను.

నిన్న సాయంత్రం కూడా మామూలుగానే మొదలైంది. నేను సమ్మెట పడి లేచిన సంగతి ఎత్తుకున్నాను. ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరేయ్, మీ అక్క ఏదిరా?"

నేను వెనక గది వైపు చూశాను.

"చాలా రోజులైంది కనపడక. నేనేమన్నా అన్నానా? దానికి కోపం ముక్కు మీదే ఉంటుంది, నీకు తెలుసుగా. వెనక గదిలోంచి తిట్లు వినపడట్లేదురా. అది లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు."

"వస్తుందిలే బావా..."

"లేదు, నువ్వెళ్ళు. నువ్వు చెప్తే వింటుంది. పిలుచుకురా. ఈ గొడవ తర్వాత చూసుకుందాం."

ఇన్నేళ్ళలో ఎవరి కోసమూ ఆయన ఆ వాదన ఆపిందే లేదు. నా కోసం ఆపాడు. నా కోసమేనని తెలిసేసరికి గుండె పొంగింది, ఆ వెంటే జారిపోయింది. "ఇదిగో, ఇక్కడే ఉన్నానయ్యా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. అలా కాదు, సరిగ్గా పెళ్ళాంలాగే వద్దామని లేచాను. వెనక గదిలో మొహం కడుక్కున్నాను. జుట్టు దువ్వుకున్నాను. ఆయనకు నచ్చిన బట్టలు కట్టుకున్నాను. వెనక తలుపు తీసుకుని, సందు చుట్టి, వీధి తలుపు తాళం తీసి లోపలికొచ్చాను. ఈ వయసులో పెళ్ళిచూపులకు వెళ్తున్నదానిలా గుండె దడదడలాడింది.

ఆయన నన్ను చూసి గబగబా లేచాడు. బల్ల వెనక్కి వెళ్ళి నిలబడి, చొక్కా సర్దుకున్నాడు.

"రండమ్మా. మీ బట్టల కోసమా?"

"నేనయ్యా," అన్నాను.

"ఏమనుకోకండి, ఈమధ్య నాకు మొహాలు గుర్తుండట్లేదు. ఏవి ఎవరివో మా ఆవిడకే తెలుసు. బయటికెళ్ళింది. మా బామ్మర్ది తీసుకురావడానికి వెళ్ళాడు. మీరు కాసేపు కూర్చోండి, వచ్చేస్తారు."

పెళ్ళయిన నాటి నుంచి ఆయన నన్ను 'మీరు' అన్నది లేదు.

"పర్లేదండి, మళ్ళీ వస్తాను," అని బయటికొచ్చి తాళం వేశాను. సందులో మెట్టు మీద కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. గట్టిగా ఏడిస్తే లోపలికి వినిపిస్తుంది. తమ్ముడి కోసమా, ఆయన కోసమా, నా కోసమా అని అడిగితే చెప్పలేను. ఏడవాల్సినవన్నీ ఒక్కసారే వచ్చాయి. ఆ తర్వాత వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళి, పాత బట్టలే మళ్ళీ కట్టుకుని మూట మీద కూర్చున్నాను.

"దొరికిందా?" అన్నాడు ఆత్రంగా.

"దొరికింది బావా. దార్లో ఉంది. నడిచొస్తోంది."

"కోపంగా ఉందా?"

"లేదు బావా. కోపమేం లేదు."

"హమ్మయ్య," అన్నాడు. "అది వచ్చేదాకా నువ్వు వెళ్ళకు. ఆ, చెప్పు. నీ సమ్మెట గొప్పేంటో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వింటూ, తల ఊపుతూ, మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు.