కుంకుడు గింజల తస్బీ

నా చిన్నప్పుడు మా క్వార్టర్‌లో గడియారం ఉండేది కాదు. బొగ్గుబాయి కూతే మాకు గడియారం. పొద్దున ఒక కూతకు మా నాన్న, మేం పిలిచే అబ్బా, బాయిలోకి దిగేవాడు, మధ్యాహ్నం ఇంకో కూతకు పైకి వచ్చేవాడు. ఆ రెండింటి మధ్య వేళ కాని వేళ సైరన్ మోగిందంటే కొత్తగూడెంలో మా వరుస ఆడవాళ్లంతా చేతిలో పని వదిలి గుమ్మాల్లోకి వచ్చేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అలాంటి కూత ఒకటి కూసింది. లోపల కప్పు కూలి, పక్కింటి పెదనాన్న కాలు పోయింది. మా అబ్బా క్షేమంగానే తిరిగొచ్చాడు గానీ నన్ను భయం పట్టుకుంది. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మం దాటితే చాలు, నాకు ముద్ద దిగేది కాదు. బలవంతంగా తిన్నా కక్కేదాన్ని. బడికి పంపితే సగం దారిలో వెనక్కి తిరిగి బాయి గేటు ముందు నిలబడేదాన్ని.

అది షాబాన్ నెల. దాని వెనకే రంజాన్. ఆ ఏడు నా మొదటి రోజా, పగలంతా ఉపవాసం, ఉంటానని నేను ముందే అందరికీ చెప్పుకుని తిరిగాను. చిక్కిపోయిన నన్ను చూసి అమ్మ ఈసారి వద్దంది. ఎదురింటి అక్క, "అది ఇప్పటికే దినాం రోజానే గదా పిన్నీ" అని నవ్వింది. అబ్బాను కన్న మా దాదీ మాత్రం నవ్వలేదు.

"భయపడి తినకపోతే అది రోజా గాదు బిడ్డా, భయానికి చాకిరి. అల్లా కోసం ఆకలి పట్టాలంటే ముందుగాల కడుపునిండ తినుడు నేర్వాలె."

మరుసటి అంగడికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, అడవి పల్లె నుంచి వచ్చిన ఒకామె దగ్గర కుంకుడుకాయలు కొంది. తొక్కలు తలంటుకు, లోపలి నల్లటి గింజలు నాకు. పాత గొడుగు ఇనప పుల్ల మొనను బండ మీద నూరి చేతికిచ్చింది. రంజాన్ నెలవంక కనబడేలోగా ముప్పై మూడు గింజలకు బెజ్జాలు వేసి, జపానికి తస్బీ మాల గుచ్చుకుంటే రోజాకు అమ్మను తాను ఒప్పిస్తానంది. షరతు ఒక్కటే. భయం వేసినప్పుడే గింజ పట్టాలి. కాపాడేవాడా అని, "యా హఫీజ్" అనుకుంటూ పుల్ల తిప్పాలి. బెజ్జం పడ్డాక గింజను రేకు డబ్బాలో వేసి ఒక ముద్ద తినాలి. భయం లేనప్పుడు ముట్టుకోకూడదు.

కుంకుడు గింజ రాయి లాంటిది. పుల్ల జారి వేలికి గుచ్చుకునేది. ఒక్క గింజ పూర్తయ్యేసరికి చేతులు నొప్పి పుట్టేవి. ఒక్కోసారి ఆలోపే మధ్యాహ్నపు మామూలు కూత కూసి, చెప్పుల చప్పుడుతో పని దిగిన మనుషులు మాట్లాడుకుంటూ మా గుమ్మం ముందు నుంచి వెళ్లిపోయేవారు. మొదటి వారంలోనే ఇరవై గింజలయ్యాయి. ఒకరోజు అబ్బా ఆ డబ్బాను ఊపి చూసి, "ఇన్నిసార్లు సంపినవా బిడ్డా నన్ను?" అన్నాడు. అమ్మ అల్లా పేరు తలుచుకుని ఆయన్ని కసిరింది. నాకు మాత్రం ఎందుకో నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వది.

తర్వాత గింజలు నెమ్మదించాయి. రోజుకొకటి, ఆపైన రెండు రోజులకొకటి. ముద్ద దిగడం మొదలైంది. బడికి వెళ్లి చివరి గంట దాకా కూర్చున్నాను. నెలవంక కోసం అందరూ వీధిలో పడమటికి తిరిగి నిలబడిన సాయంత్రానికి నా డబ్బాలో ముప్పై ఒకటే ఉన్నాయి. రెండు తక్కువ. గుమ్మంలో కూర్చుని కళ్లు మూసుకుని భయం తెచ్చుకోవాలని చూశాను. అది రాలేదు. రోజా పోయిందని ఏడుస్తూ దాదీ దగ్గరకు వెళ్లాను.

దాదీ కొంగు ముడి విప్పింది. దాని నిండా కుంకుడు గింజలు. అన్నిటికీ బెజ్జాలున్నాయి. ప్రతి కూతకూ, "ఏం గాదు పోరి, కూసుండి తిను" అని నన్ను గదమాయించిన మనిషి కొంగులో నా డబ్బాకంటే ఎక్కువ గింజలున్నాయి.

"నీకూ భయమేనా దాదీ?"

"కన్నదాన్ని గాదా? నా కొడుకు దినాం భూమిలకు దిగవట్టె. రెండు తీస్కో. మిగిలినయి నాకు గావాలె."

మరునాడు నేను రోజా ఉన్నాను. అబ్బా బాయికి వెళ్లాడు, వచ్చాడు. సాయంత్రం మసీదు అజాన్ వినగానే దాదీ, నేను పక్కపక్కనే కూర్చుని ఖర్జూరం తిన్నాం.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగిలిందంతా గ్రంథాలయం బల్ల దగ్గరే నేర్చుకున్నాను. మనసు గురించిన ఒక లావు పుస్తకంలో, భయం పట్టుకున్నప్పుడు చేతికి పని చెప్పాలని, ఊపిరిని ఒక మాటకు కట్టాలని చదివాను. సంతకం పెట్టడం కూడా రాని మా దాదీ దాన్ని నాకు గొడుగు పుల్లతో నేర్పింది. కొంగు ముడి సంగతి మాత్రం ఆ పుస్తకంలో లేదు.

ఆ తస్బీకి ఇప్పటికి ఎన్నో దారాలు మార్చాను. నేను వేసిన బెజ్జాలన్నీ వంకరగా ఉంటాయి. దాదీవి తిన్నగా ఉంటాయి. ఏటా షాబాన్‌లో దాన్ని తీసి తిప్పుతుంటే, ఆ రెండు గింజల దగ్గరకు రాగానే నా వేళ్లు వాటంతటవే ఆగుతాయి. నా భయం నాకు చిన్నదై, నా చుట్టూ నవ్వుతూ తిరిగే వాళ్ల కొంగుల్లో ఏమేం ముడివేసి ఉన్నాయోనని అనిపించేది అక్కడే. అప్పుడు ఒక్కొక్కరి పేరూ తలుచుకుని, యా హఫీజ్ అని మళ్లీ మొదలుపెడతాను.